గోల్ ముందు ఎర్రనీళ్లు

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫ్యాక్టరీలకీ లేబర్ క్యాంపులకీ మధ్య పెద్ద రేకుల షెడ్డొకటి ఉంది. బయట ఎండ నడినెత్తిన పేలాలు వేయిస్తుంటే, లోపల నేలంతా మంచు పరిచి ఉంటుంది. ఆటగాళ్ల స్కేట్లు ఆ మంచు మీద గీసిన గాట్లన్నీ చెక్కి, వేడినీళ్లు పోసి, మళ్లీ నున్నగా చేసే బండిని నడపడం సూరిబాబు ఉద్యోగం. సెలవుకి ముమ్మిడివరం వెళ్లినప్పుడు "దుబాయ్‌లో ఏం చేస్తావురా?" అని ఎవరైనా అడిగితే "మంచు దున్నుతానండి" అనేవాడు. జనం పకపకా నవ్వేవారు. అబద్ధమైతే ఎలాగో అతికించవచ్చు గాని, ఇలాంటి నిజం ఏ ఊళ్లోనూ అతకదు.

మొన్న నవంబరులో ఒక ఉదయం ప్రసన్నకుమార్ ఆ షెడ్డులోకి వచ్చాడు. ఆ షెడ్డులో ఆడే కాలేజీ జట్టు తాలూకు క్రీడల ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడు. చంకలో ల్యాప్‌టాప్, ముఖం నిండా ఉత్సాహం.

"సూరిబాబు గారూ, మన అమ్మాయిల ఐస్ హాకీ టీమ్‌కి ఐదో ఏడు వస్తోందండి. లాబీలో గోడ నిండా 'మరపురాని ఆటలు' అని పెడుతున్నాం. స్కోర్లన్నీ దొరికాయి, స్టోరీలే లేవు. ఎవర్ని అడిగినా మిమ్మల్నే అడగమంటున్నారు."

వాళ్లు అలా అనడంలో తప్పు లేదు. 2021 చివర్లో ఆ జట్టు పుట్టినప్పుడు, కరోనా భయానికి చూసేవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. ఆడే పిల్లలు, కోచ్ మేడమ్, రిఫరీ, బండి దగ్గర సూరిబాబు, స్కేట్లకు సానపట్టే గదిలో అతని నేస్తం నబీ రసూల్, అంతే. తరవాత తలుపులు తెరిచినా పెద్దగా ఎవరూ వచ్చింది లేదు. అలా ఆ జట్టు చరిత్ర మొత్తం ఒక బండి డ్రైవరు బుర్రలో దాగిపోయింది.

సూరిబాబుకి కబుర్లంటే సరదా. బండి మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"మొదటి ఆట రాసుకోండి. అబుదాబీ పిల్లలతో. పద్నాలుగు గోల్సు తిన్నారండి మనోళ్లు, ఒక్కటి కొట్టలేదు. అయినా లోపలికెళ్లి పాటలు పాడుకుంటన్నారు. ఓడిపోయినట్టు వీళ్లకెవరూ చెప్పలేదేమో అనుకున్నానండి నేను."

ప్రసన్నకుమార్ నవ్వుతూ టైపు చేసుకున్నాడు.

"రెండోది పొగమంచు ఆట. మిషన్లు పాడయ్యి హాలంతా ఆవిరి కమ్మేసింది. ఎదురుగా ఉన్న మనిషి కనపడితే ఒట్టు. ఆడే బిళ్ల, అదే పక్, ఎటుపోయిందో ఎవరికీ తెలవదు. రిఫరీ నన్ను పిలిచి 'భాయ్, పక్ కిధర్ హై?' అన్నాడు. నేను గోల్ దాకా నడిచెళ్లి చూసి, వల్లో ఉందన్నాను. నా మాట మీదే గోల్ ఇచ్చాడండి! నేనేమన్నా ఆఫీసరునా?"

ఆ మాట చెప్పేటప్పుడు సూరిబాబు గొంతులో కొంచెం గర్వం పలికింది. మూడోది కూడా అంతే ఉషారుగా చెప్పాడు. 2023 జనవరిలో సెమీఫైనల్. అవతలి జట్టు గోల్ మీదికి నలభై ఒక్కసార్లు బిళ్లను కొడితే, గోల్‌కీపరు పిల్ల నలభై ఒక్కటీ ఆపింది. పేరు మాహిరా. ఆ ఆట వీడియో దేశమంతా తిరిగింది.

"తరవాత ఇదుందండి," అని ప్రసన్నకుమార్ తెర మీద చదివాడు. "మార్చి 2023, కాలేజీల కప్పు ఫైనల్. మూడు గోల్స్‌కి రెండు కొట్టి ఓటమి. ఆఖరి నిమిషంలో గోల్‌కీపర్ పొరపాటు, రిఫరీతో గొడవ. గోల్‌కీపర్‌ని గోలీ అంటారు కదా, దీన్ని 'గోలీ గొడవ చేసిన ఆట' అని పెడదామనుకుంటున్నాం. ఈ ఆటకి మీరు ఉన్నారా?"

సూరిబాబు లేచి నిలబడ్డాడు. "బండి తియ్యాలండి, టైమయింది. ఇది తరవాత చెబుతాను," అన్నాడు. అప్పటికి మంచు మీద ఒక్క గాటు కూడా లేదు. అయినా బండెక్కి, నున్నగా ఉన్న మంచునే మళ్లీ రెండు చుట్లు నున్నగా చేశాడు.

ఆ మాహిరా, సానగదిలోని నబీ రసూల్ కూతురు. నబీ రసూల్‌ది ప్రొద్దుటూరు. పదమూడేళ్లుగా సూరిబాబూ అతనూ ఒకే షెడ్డులో పనిచేస్తున్నారు. మధ్యాహ్నం ఇద్దరి డబ్బాలూ ఒక్కచోటే తెరుచుకుంటాయి. నబీ రసూల్ భార్య అక్తర్ బీ ఇళ్లలో పనికి పోతుంది కాబట్టి, చిన్నప్పుడు బడి నుంచి రాగానే పిల్ల సానగదిలోనే ఉండేది. ఎవరో వదిలేసిన స్కేట్లు కట్టుకుని, సూరిబాబు బండి దిగగానే ఆ కొత్త మంచు మీద పది నిమిషాలు జారేది. మేనేజరు చూడకుండా ఆ పది నిమిషాలూ ఆమెకు ఇప్పించింది సూరిబాబే. ఆమె అతన్ని "చిన్నాయనా" అని పిలిచేది. గోల్ దగ్గర నిలబడి దెబ్బలు తినడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి తానే నిలబడటం నేర్చుకుంది. ఆమె అలా ఆడటం చూసి కాలేజీ ఆమెకు ఫీజులో రాయితీ ఇచ్చి సీటిచ్చింది. నబీ రసూల్ ఆ రోజు షెడ్డంతా ఖర్జూరాలు పంచాడు.

వీడియో తిరిగిన వారానికి పిల్లకు జ్వరం వచ్చింది. తగ్గి, మళ్లీ వచ్చింది. ప్రాక్టీసులో రోజూ ఆపే బిళ్లల్ని కూడా వదిలేయసాగింది.

"పిల్లకు దిష్టి తగిలినట్టుండాదప్పా సూరీ," అన్నాడు నబీ రసూల్ సానరాయి ఆపి. "మా ఆమె మిరపకాయలు తిప్పి పొయ్యిలో ఏసింది. రవ్వంతన్నా ఘాటు రావాల కదా? రాలేదు!"

మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే ఆషామాషీ దిష్టి కాదని సూరిబాబుకి తెలుసు. మంచు మీద తగిలిన దిష్టిని వంటింట్లో తీస్తే ఎలా పోతుంది? తగిలినచోటే తియ్యాలి. ఆ ఆలోచన వచ్చాక ఇక ఆగలేకపోయాడు. పసుపు తన గదిలోనే ఉంది. మనవాళ్ల కొట్లుండే నైఫ్ బజారులో పాన్‌ల కొట్టుకెళ్లి సున్నం తెచ్చాడు. రెండూ నీళ్లలో కలిపితే రక్తంలా ఎర్రగా మారతాయి. ఊళ్లో వాళ్లమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీస్తే ఎంతటి చూపైనా దిగిపోయేది. ఆ సంగతి నబీ రసూల్‌కి కూడా చెప్పలేదు. పని అయ్యాక, కప్పు గెలిచాక చెప్పి నవ్వుకోవచ్చనుకున్నాడు.

ఫైనల్ రోజు ఆటకి గంట ముందు హాలు ఖాళీగా ఉంది. స్టీలు పళ్లెంలో ఎర్రనీళ్లు పట్టుకుని, రబ్బరు బూట్లతో మాహిరా నిలబడే గోల్ చుట్టూ తిరిగాడు. కుడి నుంచి మూడుసార్లు, ఎడమ నుంచి మూడుసార్లు. తరవాత ఆ నీళ్లు బయటికి తీసుకెళ్లి ఎవరూ తొక్కని చోట పారబోయాలి. ఆఖరి చుట్టు పూర్తవుతుండగా బూటు జారింది. మనిషి పడలేదు గాని, పళ్లెంలో సగం నీళ్లు ఒలికి, మంచులో ఎర్రగా గీసి ఉండే గోల్ గీతకి జానెడు ముందు అడ్డంగా పారాయి. మంచు మీద నీళ్లు గడ్డకట్టడానికి ఎంతసేపు? బరకబోతే ఇంకాస్త సాగింది. ఇంతలో మేనేజరు మంచు చుట్టూ ఉన్న అద్దాల గోడ వెనక నుంచి "యల్లా సూరీ, బండి తియ్" అని అరిచాడు. కంగారులో దాని మీదుగానే బండి తోలి వేడినీళ్లు పోశాడు. ఎర్రటి చార పైన కొత్త మంచు పొర కప్పేసింది.

పైనుంచి చూస్తే పెద్దగా తెలియడం లేదనిపించింది. ఆట విరామంలో మళ్లీ బండి తోలినప్పుడు బ్లేడు ఒక్క నూలు దించి ఉంటే అది చెక్కుకుపోయేది. దించితే గోల్ ముందు మంచు మెత్తబడి పిల్లకు ఇబ్బందవుతుందేమో, ఆట అయ్యాక చూసుకుందాంలే అనుకున్నాడు. మేలు చేస్తున్నాననుకున్నవాడికి ఎప్పుడూ తీరికే.

జట్లు వైపులు మారుతూ ఆడి, ఆఖరి భాగంలో మాహిరా మళ్లీ ఆ గోల్ దగ్గరికే వచ్చింది. అప్పటికి చెరి రెండు గోల్సు. ఇంక నలభై సెకన్లు ఉందనగా అవతలి పిల్లలు ముగ్గురు ఒక్కసారే మీద పడ్డారు. మాహిరా కాళ్లు రెండూ చాపి అడ్డంగా పడుకుంది. బిళ్ల ఆమె తొడ కింద నుంచి నెమ్మదిగా జారి, ఎర్రచార దాటి, అసలు గీతకి ఇవతలే ఆగింది. అసలు గీత మాహిరా కాళ్ల కింద, గీకిన మంచు పొడి కింద ఉంది. పరుగెత్తుకొచ్చిన రిఫరీకి కనపడింది ఒక్కటే ఎర్రగీత. బిళ్ల దాని అవతల ఉంది. గోల్ ఇచ్చేశాడు.

"అది లైన్ కాదు! ఐస్ చూడండి, ఐస్!" అని మాహిరా ఇంగ్లీషులో అరిచింది, హిందీలో అరిచింది, ఆఖరికి ఏడుపులో తెలుగులో కూడా అరిచింది. ఎవరో ఫోనులో తీసిన వీడియో తెచ్చి చూపించారు. అందులోనూ ఎర్రగీత, దాని అవతల నల్లటి బిళ్ల. పిల్ల ఉక్రోషంతో చేతిలో హాకీ కర్రను అద్దాల గోడకేసి కొడితే విరిగి రెండు ముక్కలైంది. ఆమెను ఆటలోంచి పంపేశారు.

సూరిబాబు బండి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతనికి మొత్తం కనపడింది, మొత్తం అర్థమైంది. పది అడుగులు వేసి ఒక్క మాట చెబితే చాలు. రిఫరీ కూడా కొత్తవాడు కాదు. పొగమంచు రోజున బిళ్లెక్కడని తనను అడిగినవాడే. కానీ అది సూరిబాబు వీసా రెన్యూవల్ నెల. బండికి అగరొత్తులు వెలిగించాడని అంతకుముందే మేనేజరు గట్టిగా తిట్టి ఉన్నాడు. "ఇంకోసారి ఇట్లాంటి పూజలు చూస్తే ఖలాస్" అన్నాడు. కాళ్లు కదల్లేదు. సరిగ్గా చెప్పాలంటే కదిలాయి, కానీ బండి వైపు కదిలాయి.

జట్లు చేతులు కలుపుకుంటుండగానే బండెక్కి, బ్లేడు బాగా దించి, ఆ గోల్ ముందు మంచంతా చెక్కేశాడు. అయిదు నిమిషాల తరవాత కోచ్ మేడమ్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన మాహిరాకి అక్కడ కనపడింది శుభ్రమైన మంచు, ఒకే ఒక్క గీత. ఆమె వంగి చేత్తో తడిమి చూసింది. తరవాత తలెత్తి బండి వైపు చూసింది.

"చిన్నాయనా, నువ్వు చూసినావు కదా? ఇక్కడ ఇంకో గీత ఉండింది కదా?"

"నేను బండి పనిలో ఉన్నానమ్మా," అన్నాడు సూరిబాబు స్టీరింగు కేసి చూస్తూ. "గమనించలేదు."

ఆ తరవాతవన్నీ వరసగా జరిగిపోయాయి. తాను పొరపాటుగా చూశానని రాసిస్తే క్షమిస్తామన్నారు కాలేజీవాళ్లు. నెల రోజులు పిల్ల రాయనంది. నబీ రసూల్ బతిమాలాడు, తిట్టాడు. "అందరి కండ్లూ తప్పయి, నీ కండ్లొక్కటే కరెక్టా పాపా?" అన్నాడు. చివరికి రాసిచ్చింది. రాసిచ్చినా జట్టులోకి మళ్లీ తీసుకోలేదు. జట్టులో లేదు కాబట్టి ఫీజు రాయితీ పోయింది. డిగ్రీని దూరవిద్యలో కట్టి, నైఫ్‌లో ట్రావెల్స్ ఆఫీసులో చేరింది. మళ్లీ మంచు మీద కాలు పెట్టలేదు. నబీ రసూల్ మధ్యాహ్నం డబ్బా తెరిచి ఆ ఊసెత్తినప్పుడల్లా సూరిబాబు ముద్ద పక్కన పెట్టి నీళ్ల సీసా అందుకునేవాడు. మూడేళ్లు కావస్తున్నా అలవాటు కాలేదు.

ఇప్పుడు దాన్ని గోడ మీద పెడతారట. 'గోలీ గొడవ చేసిన ఆట' అని పెద్ద అక్షరాలతో, వచ్చే పోయే పిల్లలందరూ చదివేలా. రెండు రోజులు సూరిబాబుకి అన్నం సయించలేదు. మూడోరోజు ప్రసన్నకుమార్‌కి తానే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఉద్యోగం పోయినట్టేనని పెట్టె కూడా సర్దుకున్నాడు.

చెప్పాడు. పసుపు, సున్నం, పళ్లెం, జారిన బూటు, దించిన బ్లేడు, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అయిపోయాక చూస్తే ప్రసన్నకుమార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఐస్ హాకీ గోల్‌కి దిష్టి తీశారా! సూరిబాబు గారూ, ఇది గోల్డండీ! దీన్ని మధ్యలో పెద్దగా పెడదాం. 'ఎర్రనీళ్ల ఆట' అని టైటిల్!"

"మీరు నవ్వుతున్నారేంటండీ? మా మేనేజరుకి చెప్పాలిగా. ఆ పిల్ల తప్పు లేదని రాయాలిగా."

"రాస్తాం సార్, తప్పకుండా రాస్తాం."

ప్రసన్నకుమార్ అప్పటికప్పుడే వెళ్లి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. గదిలోంచి బయటికొచ్చి సూరిబాబు వీపు మీద చరిచి, "సూరీ, నెక్స్ట్ ఫైనల్‌కి అవతలి గోల్‌కి కూడా చెయ్యి!" అన్నాడు. అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. మూడేళ్లు ఏ దెబ్బకైతే వణికి చచ్చాడో ఆ దెబ్బ వీపు మీద ఇంత మెత్తగా పడింది. ఆ రోజే చెప్పి ఉన్నా ఇలాగే నవ్వేవాళ్లేమో! నవ్వి, ఆ గోల్ రద్దు చేసి, ఆట మళ్లీ ఆడించేవాళ్లేమో! సూరిబాబుకి ఆ నవ్వుకన్నా ఉద్యోగం పోయి ఉంటేనే బాగుండేదనిపించింది. సర్దిన పెట్టె విప్పబుద్ధి కాలేదు.

ముందు సానగదికి వెళ్లి నబీ రసూల్‌కి చెప్పాడు. నబీ రసూల్ సానరాయి ఆపి, స్కేటు బ్లేడుని వేలితో తడిమి చూసి పక్కన పెట్టాడు.

"నాకెందుకప్పా చెప్తావు," అన్నాడు. "పోయి దానికి చెప్పు. నేను దాన్ని తిట్టిన తిట్లు నేనెట్ల ఎనక్కి తీసుకోవాల్నో అది నేను చూసుకుంటా."

ఆ మధ్యాహ్నం అతను డబ్బా వేరేగా తెరిచాడు.

శుక్రవారం సాయంత్రం సూరిబాబు నైఫ్ వెళ్లాడు. మొబైల్ కొట్ల పైన, ఇరుకు మెట్లెక్కితే ట్రావెల్స్ ఆఫీసు. బల్ల వెనక మాహిరా, పక్క బల్ల దగ్గర ఆమె 'ఆపా' అని, అంటే అక్కా అని, పిలిచే పెద్దావిడ కుబ్రా బేగం. ఎదురుగా కడప వైపు మనిషొకడు ఊరికి టిక్కెట్టు తీయించుకుంటున్నాడు. మాహిరా అతని పాస్‌పోర్టు నంబరు వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి చదివి, పాస్‌పోర్టుని పక్క బల్ల మీదికి జరిపింది.

"ఆపా, మీరొకసారి చూడండి."

"అరే, కరెక్టే ఉందమ్మా," అంది కుబ్రా బేగం చూసి. సూరిబాబు కేసి తిరిగి నవ్వింది. "ఇంత జాగ్రత్త పిల్లని నేను చూడలేదండి. ఒక్క టిక్కెట్టు తప్పు పోలేదు ఈమె వచ్చినాక."

ఆ మనిషి వెళ్లాక, ఆ కుర్చీలోనే కూర్చుని సూరిబాబు చెప్పాడు. ఈసారి పసుపూ సున్నం గురించి ఎక్కువ చెప్పలేదు. బ్లేడు దించిన సంగతి, తాను ఆడిన అబద్ధం, ఆ రెండే చెప్పాడు.

మాహిరా నవ్వలేదు, ఏడవలేదు. "అయితే రెండు గీతలుండినాయి," అంది.

"ఉన్నాయమ్మా."

"నేను చూసింది కరెక్టే."

"కరెక్టేనమ్మా. నీ తప్పు ఇంతన్నా లేదు. గోడ మీద కూడా రాయిస్తన్నాను."

"గోడ సంగతి ఎవురికి కావాల చిన్నాయనా?" ఆమె గొంతు పెరగలేదు. "నాయన నమ్మకపోతే నమ్మకపోయినాడు, కోచ్ నమ్మలేదు, పోనీ. నువ్వు కూడా చూడలేదు అన్నాక, నేనే నన్ను నమ్మడం మానుకున్నా. కండ్లకి ఏమన్నా అయిందేమో అని క్లినిక్‌కి పోయినా. అంతా బాగుందన్నాడు డాక్టరు. బాగుంటే లేని గీత ఎట్ల కనపడింది నాకు? ఆ పొద్దు నుంచి ఏది చూసినా ఇంకోసారి చూసుకుంటా. రోడ్డు దాటేటప్పుడు గూడా. ఇక్కడ అందరూ జాగ్రత్త పిల్ల అంటారు. నువ్వు గూడా అన్నావు, పోయిన రంజాన్‌కి మా ఇంట్లో."

అన్నాడు. నబీ రసూల్ ముందు, అక్తర్ బీ ముందు, 'ఇంత జాగ్రత్త ఎవరికుంటుంది' అని మెచ్చుకున్నాడు. ఇప్పుడు క్షమించమని ఏ మొహంతో అడుగుతాడు?

"ఇక మీదట అట్టా చూసుకోనక్కర్లేదుగా తల్లీ," అన్నాడు ఎలాగో. "ఇప్పుడు తెలిసిందిగా."

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. బట్టలసంచితో ఒకామె వచ్చి నిలబడి, రాజమండ్రికి టిక్కెట్టు కావాలంది. మాహిరా ముఖం తుడుచుకుని పాస్‌పోర్టు అందుకుంది. నంబరు ఒక్కసారే చదివి, కంప్యూటర్లో కొట్టింది. ఆఖరి మీట నొక్కబోయి ఆగింది. వేలు అక్కడే ఉంది. ఒక నిమిషం అలాగే తెర వైపు చూసింది.

తరవాత పాస్‌పోర్టుని పక్క బల్ల మీదికి జరిపింది.

"ఆపా, మీరొకసారి చూడండి."